ముడుమాల్ నిలువురాళ్ల దగ్గర సూర్యోదయం: ఏ రోజు వెళ్లాలి, ఎక్కడ నిలబడాలి, కళ్లకు కనిపించిందంతా నమ్మవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: "కృష్ణా నది ఒడ్డున ముడుమాల్‌లో వేల ఏళ్ల నాటి రాతి వలయం ఉందని, దాంతో అప్పటివాళ్లు ఆకాశాన్ని గమనించేవారని చదివాను. డిసెంబరు 21న సూర్యోదయం చూడాలని ఉంది కానీ ఆ రోజు సెలవు దొరికేలా లేదు. వేరే రోజు వెళ్తే ప్రయోజనం ఉంటుందా? రాళ్ల వరుసలో సూర్యుడు ఉదయించడం నిజంగా కనిపిస్తుందా?"

ముందు సూటిగా జవాబు చెప్తాను. వెళ్లండి. 21వ తేదీనే వెళ్లాలన్న పట్టింపు అక్కర్లేదు. డిసెంబరు 15 నుంచి 28 వరకు ఏ రోజు వెళ్లినా మీ కంటికి కనిపించే సూర్యోదయం దాదాపు ఒకటే. ఇక రెండో ప్రశ్న. సూర్యుడు రాళ్ల వెంబడి రావడం కనిపిస్తుంది. కాకపోతే ఏవో రెండు పెద్ద రాళ్ల సందులో సూర్యుడు కనిపించగానే "ఇదే ఆ గీత" అనుకోవద్దు. చూడాల్సింది చిన్న రాళ్ల వరుసలను. ఈ రెండు మాటలూ ఎందుకంటున్నానో కింద వివరంగా రాస్తున్నాను. పదకొండేళ్లుగా, ఏడాదికి రెండు మూడుసార్లు, అక్కడికి వెళ్తున్నాను. మొదట్లో నేనూ మీలాగే 21వ తేదీ కోసం కిందామీదా పడినవాణ్ణే.

ముందు ఒక సవరణ. ముడుమాల్‌లో మీరు ఊహిస్తున్నట్టు ఒక పెద్ద వలయం ఉండదు. నారాయణపేట జిల్లా కృష్ణా మండలంలో, నదికి ఉత్తరపు ఒడ్డున, పొలాల మధ్య 10 నుంచి 14 అడుగుల ఎత్తున్న నిలువురాళ్లు 80 దాకా ఉన్నాయి. వాటి చుట్టుపక్కల వరుసలుగా పేర్చిన చిన్న రాళ్లు దాదాపు 3000. ఊరివాళ్లు నిలురాళ్లు అంటారు, నిలురాళ్ల తిమ్మప్ప అని మొక్కుతారు. వాటిలో ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. తెలంగాణలో మీకు ఊరూరా కనిపించే రాతి వలయాలు, మనవాళ్లు రాక్షసగుళ్లు అని పిలిచేవి, చాలావరకు సమాధులు. వలయం కనిపించిన ప్రతిచోటా ఆకాశాన్ని గమనించే ఏర్పాటు ఉందనుకుంటే పొరపాటు. ముడుమాల్‌కు ఆకాశంతో సంబంధం ఉందన్న మాట హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆచార్యులు కె.పి. రావు గారి పరిశోధనతో బయటికి వచ్చింది. ఈ స్థలం వయసు 3500 ఏళ్లు, అంతకు పైన కూడా ఉంటుందని అంచనా. 2025 మార్చిలో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. అది ఇంకా తుది గుర్తింపు కాదు, వరుసలో నిలబడ్డట్టు.

తేదీ సంగతి

సూర్యుడు ఉదయించే చోటు ఏడాది పొడవునా దిగంతం మీద అటూ ఇటూ ఊగుతుంటుంది. ముడుమాల్ అక్షాంశం 16.4 డిగ్రీలు. అక్కడ జూన్ 21న సూర్యుడు నిక్కమైన తూర్పుకు ఉత్తరంగా సుమారు 24.5 డిగ్రీల దగ్గర ఉదయిస్తాడు, డిసెంబరు 21న అంతే దూరం దక్షిణంగా. మొత్తం ఊపు 49 డిగ్రీలు. చెయ్యి బారచాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు ఉంటుంది కదా, అలాంటి ఐదు పిడికిళ్లు.

ఉయ్యాల చివరికి వెళ్లినప్పుడు క్షణం ఆగినట్టు అనిపిస్తుంది, మధ్యలో మాత్రం దూసుకుపోతుంది. సూర్యుడిదీ అదే తీరు. డిసెంబరు 21కి వారం ముందు, వారం తర్వాత ఉదయించే చోటుకూ ఆ రోజు చోటుకూ తేడా డిగ్రీలో అయిదో వంతు. సూర్యబింబం వెడల్పే అర డిగ్రీ, కనుక ఆ తేడాను కంటితో పట్టలేరు. అదే మార్చి 20 దగ్గరో సెప్టెంబరు 23 దగ్గరో అయితే రోజుకు 0.4 డిగ్రీలు జరిగిపోతాడు. రెండు రోజులు ఆలస్యమైతే దాదాపు ఒకటిన్నర బింబం దూరం తప్పుతుంది. కాబట్టి డిసెంబరు ప్రయాణానికి తేదీ పట్టింపు లేదు, మార్చి ప్రయాణానికి ఉంది. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

జూన్‌లో వెళ్లమని ఎవరికీ చెప్పను. నేను నాలుగు జూన్‌లు వెళ్లి ఒక్కసారే ఉదయం చూశాను. మిగతా మూడూ మబ్బులకే సరిపోయాయి.

సంక్రాంతికి సెలవులుంటాయి, అప్పుడు వెళ్తామని కొందరంటారు. ఉత్తరాయణం సంక్రాంతితో మొదలవుతుందన్నది పంచాంగం లెక్క. ఆకాశంలో సూర్యుడు మళ్లేది డిసెంబరు 21, 22ల్లోనే. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తిరగడం వల్ల నక్షత్రాలతో ముడిపడిన సంక్రాంతి శతాబ్దాల మీద జరుగుతూ జనవరి మధ్యకు వచ్చింది. జనవరి 14 నాటికి ముడుమాల్ దిగంతం మీద సూర్యుడు తన వెడల్పుకు నాలుగు రెట్లకు పైగా ఉత్తరానికి వచ్చేసి ఉంటాడు. ఒకసారి ఒక కుటుంబం సంక్రాంతికి వచ్చి, ఎవరో చెప్పిన రాయి వెనక సూర్యుడు రాలేదని ఇదంతా కట్టుకథేనని తేల్చేసి వెళ్లిపోయింది. వాళ్లకు ఈ నాలుగు మాటలు ముందే చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

తూర్పు ఎటో ముందు తేల్చుకోండి

ఫోన్‌లోని దిక్సూచిని నమ్మి ఇక్కడ లెక్కలు వేయకండి. చేతి గడియారం, బైకు, జేబులో తాళాలు ఏవి దగ్గరున్నా అయిదారు డిగ్రీలు అవలీలగా తప్పుతుంది. మనం చూడబోయే తేడాలు అర డిగ్రీవి. మన పూర్వులు గుడి కట్టేముందు దిక్కులు తేల్చుకున్న పద్ధతే అన్నిటికంటే నమ్మకమైనది. శంకుస్థాపన అన్న మాటలోని శంకువు, ఈ పద్ధతిలో పాతే శంకువు ఒకటే. ముందురోజు పొద్దున పదింటికల్లా అక్కడికి చేరండి. రాళ్ల వరుసలకు దూరంగా, చదునైన ఖాళీ నేల మీద మూరెడు పుల్లను తూకపు దారంతో నిటారుగా పాతండి. దాని నీడ కొన చోటును అంచుగా తీసుకుని పుల్ల చుట్టూ వృత్తం గీయండి. మధ్యాహ్నం వరకు నీడ చిన్నదవుతూ వృత్తం లోపలికి వెళ్తుంది, తర్వాత మళ్లీ పెరిగి వృత్తాన్ని తాకుతుంది. పొద్దున తాకిన చోటును, మధ్యాహ్నం తర్వాత తాకిన చోటును కలిపితే అదే నిక్కమైన తూర్పు–పడమర గీత. పుల్ల, దారం, ఓపిక ఉంటే చాలు. పిల్లలుంటే వాళ్లచేతే చేయించండి.

మీ నీడ గడియారం ఆ మధ్యాహ్నం ఇంకో సంగతి కూడా చూపిస్తుంది. డిసెంబరు చివర 12 అడుగుల రాయికి నడిమధ్యాహ్నం నీడ 10 అడుగులు, ఉత్తరంగా పడుతుంది. మార్చి 20న మూడున్నర అడుగులే. మే మొదటి వారంలో, ఆగస్టు మొదటి వారంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, రాయికి నీడే ఉండదు. జూన్ 21న నీడ దక్షిణం వైపు అడుగున్నర పడుతుంది! నీడ దిక్కు మారడం కళ్లారా చూసినవాళ్లకు రుతువుల లెక్క వేరే చెప్పనక్కర్లేదు.

తెల్లవారుజామున ఏం చూడాలి

సూర్యోదయం ఆరూ నలభై ప్రాంతంలో. కానీ మీరు అయిదింటికల్లా అక్కడ ఉండండి. ఇది నా గట్టి మాట. ముడుమాల్‌లో ఒక బండ మీద 30 దాకా చిన్న గిన్నెల్లాంటి గుంటలు తొలిచి ఉన్నాయి. కప్‌మార్కులు అంటారు. వాటిలో కొన్ని సప్తర్షి మండలం ఆకారంలో ఉన్నాయని కె.పి. రావు గారు గుర్తించారు. డిసెంబరు మూడో వారంలో ఉదయం అయిదుంబావు ప్రాంతంలో అసలు సప్తర్షి మండలం ఉత్తరాన, ఆకాశం మధ్య ఎత్తులో నిలిచి ఉంటుంది. అందులో తోకకు ఎదురు అంచున ఉండే క్రతు, పులహ తారలు రెండూ అప్పుడు ఒకదాని కింద ఒకటి నిలువుగా ఉంటాయి. వాటిని కలిపే గీతను కిందికి పొడిగిస్తే ధ్రువ నక్షత్రం తగులుతుంది. ముడుమాల్ నుంచి ధ్రువుడు 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, అంటే ఒకటిన్నర పిడికిలి పైన. నది మీద పొగమంచు ఉంటే కనిపించకపోవచ్చు. వసిష్ఠుడి పక్కన అరుంధతిని కూడా వెతకండి. పెళ్లిలో పట్టపగలు చూపించి సరిపెట్టిన నక్షత్రాన్ని ఇక్కడ నిజంగా చూడొచ్చు.

అయిదున్నరకు తూర్పు వెలుగు మొదలవుతుంది, తారలు వెలవెలబోతాయి. ఆ గంటన్నరలో బండ మీది గుంటలు, పైన తారలు, తర్వాత సూర్యుడు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. నన్ను ఆ చోటుకు కట్టిపడేసింది ఆ గంటన్నరే.

ఇక్కడొక జాగ్రత్త. ఆ గుంటల గీత "ధ్రువ నక్షత్రాన్ని చూపిస్తుంది" అని చాలాచోట్ల రాశారు. ఈ రోజు ఆకాశంలో చూపిస్తుంది, నిజమే. అయితే 3500 ఏళ్ల కిందట ఉత్తర ధ్రువం ఇప్పటి ధ్రువ నక్షత్రం దగ్గర లేదు. నేను చెప్పిన ఆ బొంగరపు తిరుగుడు వల్లే. క్రీ.పూ. 2800 ప్రాంతంలో ధ్రువానికి దగ్గరగా ఉన్నది థూబన్ అనే వేరే తార. అంటే ఆ బండ మీద సప్తర్షులను తొలిచినవాళ్లు ఉత్తర దిక్కును ఇప్పటి ధ్రువుడితో పట్టుకుని ఉండరు. సప్తర్షులను గుర్తుపెట్టుకున్నారన్నది ఒక మాట, ఇప్పటి ధ్రువుణ్ణి చూపించారన్నది వేరే మాట. మొదటిది వినడానికి నేను సిద్ధం, రెండోది కాదు.

గుంటలు చూడటానికి నడిమధ్యాహ్నం వెళ్తే బండ చదునుగా కనిపిస్తుంది, ఏమీ లేదనిపిస్తుంది. ఏటవాలు వెలుగు కావాలి. సాయంత్రం సూర్యుడు కిందికి దిగాక చూడండి, లేదా చీకట్లో టార్చిని బండకు దాదాపు ఆనించి పక్క నుంచి వెయ్యండి. ఒక్కసారిగా గుంటలన్నీ నీడలతో లేచి వస్తాయి. సుద్దముక్కతో నింపడం, నీళ్లు, నూనె పోయడం మాత్రం చేయకండి. ఒక విద్యార్థుల బృందం ఫొటో కోసం గుంటలన్నీ సుద్దతో నింపింది. వాళ్లు నింపినవాటిలో రెండు మనిషి తొలిచినవి కావు, రాయి సహజంగా పెచ్చులూడిన చోట్లు. ఇక ఆ ఫొటో చూసినవాళ్లందరికీ అవి కూడా నక్షత్రాలే!

ఎందుకు రెండు రాళ్లను నమ్మొద్దంటున్నాను

మొదటి ఏడాది డిసెంబరులో రెండు ఎత్తైన రాళ్ల మధ్య సూర్యుడు సరిగ్గా లేచాడు. నాకు ఒళ్లు జలదరించింది. ఫొటోలు తీసి అందరికీ పంపించాను. ఇంటికొచ్చాక తీరిగ్గా ఒక లెక్క వేశాను. 80 రాళ్లుంటే, ఏ రెంటినైనా కలిపే గీతలు 80 × 79 ÷ 2, అంటే 3160. ఈ గీతలన్నీ తూర్పు వైపు సగం దిగంతం మీద, 180 డిగ్రీల మీద చెల్లాచెదరై ఉన్నాయనుకుందాం. డిగ్రీకి 17 గీతలు పైన. సూర్యబింబం వెడల్పంత చోట్లో ఎనిమిదికి పైనే. అంటే ఏడాదిలో ఏ రోజు పొద్దున వెళ్లినా, సూర్యుడు ఏవో రెండు రాళ్ల గీత మీద ఉదయించి తీరతాడు. రాళ్లను కళ్లు మూసుకుని పాతినా అంతే. నా ఫొటో అందంగా ఉంది, దేనికీ రుజువు కాదు.

మరి దేన్ని నమ్మాలి? ఒకే గీత మీద పది పదిహేను చిన్న రాళ్లు వరుసగా ఉండి, ఆ గీత అయనాంతపు (సూర్యుడు మళ్లే జూన్ 21, డిసెంబరు 21ల) సూర్యోదయం వైపో అస్తమయం వైపో సాగితే అది యాదృచ్ఛికం కావడం కష్టం. రెండు రాళ్లు కలవడం వేరు, పదిహేను రాళ్లు ఒక దారం మీద ఉండటం వేరు. ముడుమాల్‌లో కొన్ని వరుసలు అయనాంతాల, విషువత్తుల (పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే మార్చి 20, సెప్టెంబరు 23ల) సూర్యోదయ సూర్యాస్తమయాల వైపు ఉన్నాయన్న వాదనకు బలం ఈ చిన్న రాళ్లే. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా బైసె, నిలస్కల్ దగ్గర నిలువురాళ్ల మీద పరిశోధకులు శ్రీకుమార్ మీనన్, మయాంక్ వాహియా ఇలాంటి పరిశీలనే చేశారు. యాద్గిర్ జిల్లా విభూతిహళ్లి రాళ్ల వరుసలను ఖగోళ శాస్త్రవేత్త ఎన్. కామేశ్వరరావు గారు ఇదే దృష్టితో చూశారు. అంటే కృష్ణా పరీవాహకంలోనూ దాని చుట్టుపక్కలా ఇది ఒంటరి చోటు కాదు.

మన అక్షాంశానికి ఒక సౌలభ్యం ఉంది. సూర్యుడు ఇక్కడ దాదాపు నిట్టనిలువుగా పైకి లేస్తాడు. దిగంతం మీద ఒక డిగ్రీ ఎత్తు గుట్ట అడ్డున్నా, సూర్యుడు తొలిసారి కనిపించే చోటు మూడో వంతు డిగ్రీ మాత్రమే పక్కకు జరుగుతుంది. ఇంగ్లండులోని ప్రాచీన రాతి వలయం స్టోన్‌హెంజ్ దగ్గరైతే అదే గుట్ట ఒకటిన్నర డిగ్రీకి పైగా జరిపేస్తుంది. పైగా 3500 ఏళ్లలో భూమి అక్షం వాలు కొంచెం తగ్గింది. అందువల్ల ముడుమాల్‌లో అయనాంతపు సూర్యోదయం అప్పటికీ ఇప్పటికీ అర డిగ్రీ మాత్రమే తేడా. అంటే ఒక బింబం. మీరు చూసేది దాదాపు వాళ్లు చూసిందే.

కాబట్టి ఇలా చేయండి. ముందురోజు సాయంత్రమే చిన్న రాళ్ల వరుసల పక్కన నడిచి, బాగా చెదరకుండా మిగిలిన ఒక వరుసను ఎంచుకోండి. దాని పడమటి కొస దగ్గర, వరుసకు అవతల నిలబడి తూర్పుకు చూడండి. తెల్లారాక సూర్యుడి అంచు పైకొచ్చే చోటును గుర్తుపట్టి వెంటనే చూపు తిప్పుకోండి, సూర్యుణ్ణి నేరుగా చూస్తూ ఉండటం కంటికి ప్రమాదం. ఇరవై నిమిషాల్లో సూర్యుడు దిగంతం మీద ఒకటిన్నర డిగ్రీ పక్కకు జరిగిపోతాడు కనుక ఆ తర్వాత కొలిచినా పనికిరాదు. వీపు సూర్యుడి వైపు పెట్టి నీడలు చూడటం ఇంకా బాగుంటుంది. సూర్యుడు 5 డిగ్రీలెక్కేసరికి 12 అడుగుల రాయి నీడ 137 అడుగులుంటుంది.

చిన్న రాళ్ల గురించి ఒక విన్నపం

వచ్చినవాళ్లందరూ పెద్ద రాళ్ల పక్కన ఫొటో దిగుతారు. అక్కడికి చేరడానికి చిన్న రాళ్లను తొక్కుకుంటూ, కాళ్లతో పక్కకు నెట్టుకుంటూ పోతారు. 14 అడుగుల రాయిని ఎవరూ కదపలేరు, దాని గురించి నాకు భయం లేదు. మోకాలెత్తు కూడా లేని రాయిని ఒక పిల్లవాడు కదపగలడు. ఒకటి కదిలితే గీత వంకరపోతుంది, రెండు కదిలితే అక్కడ గీత ఉండేదని చెప్పడానికి ఏమీ మిగలదు. పదకొండేళ్లలో నేను గుర్తుపెట్టుకున్న ఒక వరుసలో నాలుగు రాళ్లు కనిపించకుండా పోయాయి. ఒకదాన్ని పొయ్యిరాయిగా వాడి మసితో వదిలేశారు. అది తెచ్చి పాత చోట పెడదామని చెయ్యి చాపి ఆగిపోయాను. పాత చోటు అంగుళం తేడా లేకుండా నాకు తెలియదు కదా. మీరూ దేన్నీ సరిచేయకండి, పడిపోయినదాన్ని నిలబెట్టకండి. ఎల్లమ్మ రాయి దగ్గర చెప్పులు విడవండి. చుట్టూ పొలాలున్నాయి, చేలో అడుగుపెట్టేముందు రైతును అడగండి. నేను అడిగిన ప్రతిసారీ దారి చూపించారు.

ప్రయాణం గురించి రెండు మాటలు. హైదరాబాద్ నుంచి సుమారు 200 కిలోమీటర్లు, మహబూబ్‌నగర్, మక్తల్ మీదుగా. రైలైతే కృష్ణా స్టేషన్ దగ్గర, పెద్ద ఊరు కావాలంటే రాయచూరు. రాత్రి అక్కడో మక్తల్‌లోనో బస చేసి నాలుగింటికి బయల్దేరండి. నీళ్లు, టార్చి, మూసిన బూట్లు తప్పనిసరి. ముళ్లుంటాయి, చీకట్లో పాముల భయమూ ఉంటుంది. ఒంటరిగా వెళ్లకండి. చలికి ఒక దుప్పటి పట్టుకెళ్లండి.

మీకు డిసెంబరులో దొరికేది ఒక్క ఆదివారమే అయినా సరే, 15కీ 28కీ మధ్య పడితే వచ్చేయండి. మీరు నిలబడిన చోటును, మీరు ఎంచుకున్న వరుసను కాగితం మీద గీసి పెట్టుకోండి. మార్చి 20న సెలవు పెట్టగలిగితే అదే చోట మళ్లీ నిలబడండి. సూర్యుడు అక్కణ్నుంచి ఎడమకు రెండున్నర పిడికిళ్లు జరిగి ఉదయిస్తాడు. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాక ఇంకా ఏమైనా సందేహం ఉంటే ఇక్కడే రాయండి, చూస్తాను.